రాజగీర్ ఉష్ణగుండాల బాటలో పన్నెండు ఉదయాలు

బెంగాలులో మూడు తరాలుగా స్థిరపడిన మా వంటి ఆంధ్ర కుటుంబాలకు ఇరుగుపొరుగుల నుండి అబ్బిన అలవాట్లలో 'గాలి మార్పు' ఒకటి. ఒంట్లో నలతగా ఉన్నా, మనసు బాగుండకపోయినా వంగదేశీయుడు మొదట తలచుకునేది వైద్యుణ్ణి కాదు, పడమటి దిక్కును. ఆ పడమర ఏ సముద్రాల ఆవలనో లేదు. మధుపూర్, గిరిడీ, శిముల్‌తలా, దేవఘర్, రాజగీర్ - ఒక రాత్రి రైలు ప్రయాణంలో చేరుకోగల ఊళ్ళు. అక్కడి నీళ్ళు తాగితే రాళ్ళు తిన్నా అరుగుతాయని వారి విశ్వాసం. ఒకనాటి కలకత్తా బాబులు ఆ ఊళ్ళ సంతలలో కోడిగుడ్ల ధర, కూరగాయల ధర విని 'డ్యామ్ చీప్, డ్యామ్ చీప్' అని ఆశ్చర్యపోయేవారట. ఆ మాట అక్కడి వారి చెవికి 'డంచీ' అని సోకింది. నాటి నుండి గాలి మార్పుకు వచ్చిన ప్రతివానికీ 'డంచీ బాబు' అనే బిరుదు స్థిరపడింది.

మేము కూడా ఒకసారి డంచీ బాబులమయ్యాము. అయితే మా ప్రయాణానికి కారణం సరదా కాదు.

మా నివాసం ఖరగ్‌పూరులోని ఖరిదా పేట. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారు ఖరగ్‌పూరులో కర్మాగారం నెలకొల్పినప్పుడు పని వెదుక్కుంటూ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది తెలుగువారు అక్కడికి తరలివచ్చారు. వారిలో ఆలస్యంగా వచ్చినవారు మా తాతగారు. ఆయన టెక్కలి వైపు నుండి ఒక రేకుపెట్టెతో వచ్చి, ఆ పెట్టెతోనే పోతాననుకుని, ఇక్కడనే మట్టి అయిపోయారు. మా వీధిలో తెల్లవారుజామున ఒక ఇంటిలో సుప్రభాతం, పక్క ఇంటిలో రవీంద్ర సంగీతం, ఆ పై ఇంటిలో భోజ్‌పురీ తగాదా వినిపిస్తాయి. వీటి మధ్య పుట్టి పెరిగినవారు మా నాన్నగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, విరమించిన తరువాత కూడా ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. గోల్ బజారుకు నడిచి వెళ్ళి, నడిచి వచ్చి, కరివేపాకు మరచిపోయానని మళ్ళీ బయలుదేరే మనిషి.

అటువంటి మనిషి 2021లో మా అమ్మ పోయిన తరువాత కుర్చీకి అంటుకుపోయారు. మోకాళ్ళ నొప్పులు అంతకు ముందే ఉన్నవి. అప్పటి నుండి వాటికి ఒక పెత్తనం వచ్చింది. మొదట బజారు మానేశారు. తరువాత వీధి అరుగు మానేశారు. 2023 నాటికి పడక నుండి కుర్చీకి, కుర్చీ నుండి పడకకు - ఇంతే ఆయన ప్రపంచం. ఎముకల వైద్యుడు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి, రెండు మోకాళ్ళలోనూ మృదులాస్థి అరిగిపోయిందనీ, కుడి మోకాలికి శస్త్రచికిత్స చేస్తే మంచిదనీ చెప్పాడు. "అయితే పెద్దాయన తొడలు చూడండి, కట్టెలలా ఎండిపోతున్నవి. కదలకుండా కూర్చుంటే నేను కొత్త కీలు వేసినా దానిని మోసే కండ ఉండదు. ఆపరేషను చేయించుకున్నా, మానుకున్నా ముందు ఆయన నడవాలి" అన్నాడు. నాన్నగారు విన్నారు. ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

రాజగీర్ మాట ఎత్తినది మా ఎదురింటి బెంగాలీ పెద్దమనిషి. ఆయన తండ్రి అక్కడి వేడినీటి గుండాలలో స్నానం చేసి కర్ర విసిరివేశాడట. ఇటువంటి కథలు ప్రతి పుణ్యతీర్థం వద్దా ఉంటాయి. విసిరివేసిన కర్రలన్నీ పోగుచేస్తే ఒక కట్టెల అడితి పెట్టవచ్చు. నేను పట్టించుకోలేదు. అయితే ఆశ్చర్యంగా నాన్నగారు తలెత్తారు.

"గిరిగారు ప్రారంభించిన స్తూపం అక్కడే కదరా?"

ఈ గిరిగారి సంగతి కొంచెం చెప్పవలసి ఉన్నది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి రాష్ట్రపతి అయ్యారని లోకానికి తెలుసు. మా ఇంటిలో మాత్రం ఆయన రాష్ట్రపతి కాదు, యూనియన్ నాయకుడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని స్థాపించి, 1928లో ఉద్యోగాలు పోయిన కార్మికుల పక్షాన సమ్మెకు నాయకత్వం వహించిన వ్యక్తి. ఆ సమ్మెలో పస్తులున్న వారిలో మా తాతగారు ఒకరు. 1969లో రాజగీర్‌లోని రత్నగిరి శిఖరం మీద జపాను బౌద్ధులు నిర్మించిన విశ్వశాంతి స్తూపాన్ని రాష్ట్రపతి హోదాలో గిరిగారే ప్రారంభించారు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు నాన్నగారికి ఇరవై నాలుగేళ్ళు. "ఎప్పుడైనా వెళ్ళి చూడాలి" అని అప్పుడు అనుకున్నారట. ఆ 'ఎప్పుడైనా' కోసం యాభై నాలుగేళ్ళు పట్టింది.

2023 డిసెంబరులో బయలుదేరాము. హౌరా నుండి రాత్రి బండిలో భక్తియార్‌పూర్ దాకా, అక్కడి నుండి రాజగీర్ శాఖా మార్గంలో. ఒకప్పుడు ఈ శాఖ మీద మార్టిన్ కంపెనీ వారి చిన్న రైలు నడిచేది. బీహార్ షరీఫ్, నలందా దాటిన తరువాత సిలావ్ అనే ఊరు వస్తుంది. అక్కడి 'ఖాజా' ప్రసిద్ధం. పొరలు పొరలుగా, నోట వేసుకోగానే పొడిగా రాలిపోయే ఆ మిఠాయిని చూసి నాన్నగారు "ఇది మన తాపేశ్వరం మడతకాజాకు అన్నగారో, తమ్ముడుగారో" అని తీర్పు చెప్పారు. ఇల్లు విడిచిన తరువాత ఆయన నోట వచ్చిన మొదటి వేళాకోళం అది. నేను మనసులో దానిని లెక్కలో వేసుకున్నాను.

రాజగీర్ అయిదు కొండల నడుమ ఒదిగిన ఊరు. వైభారగిరి, విపులగిరి, రత్నగిరి, ఉదయగిరి, స్వర్ణగిరి అని వాటికి ఇప్పటి పేర్లు. మహాభారతంలో ఇది జరాసంధుని గిరివ్రజం. భీముడు అతనిని రెండుగా చీల్చినది ఇక్కడనే అంటారు. చరిత్రలో ఇది బింబిసారుని రాజగృహం, మగధకు పాటలీపుత్రానికి ముందటి రాజధాని. మహావీరుడు, బుద్ధుడు ఇద్దరూ ఈ కొండల మధ్య తిరిగినవారే. ఇంత చరిత్ర ఉన్న ఊరికి అందరూ ముందుగా వచ్చేది మాత్రం స్నానానికే. ఏడవ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ కూడా ఈ వేడినీటి బుగ్గల గురించి వ్రాసుకున్నాడు. పూర్వం ఇవి అయిదు వందలు ఉండేవనీ, తన కాలానికి కొన్ని పదులే మిగిలినవనీ, దీర్ఘరోగులు నలుమూలల నుండి వచ్చి మునిగి, స్వస్థులై వెళుతుంటారనీ అతడు చెప్పాడు. ఇప్పుడు స్థానికులు ఇరవై రెండు గుండాలు, యాభై రెండు ధారలు అని వల్లిస్తారు. నేను లెక్కపెట్టబోయి మానుకున్నాను. ఒక్కొక్క ధారకు రెండేసి పేర్లు ఉన్నచోట లెక్క తేలదు.

ఈ గుండాలు ఒకదానికొకటి ఎంతో దూరంలో లేవు. వాటిని కలిపే బాట గురించే ఈ వ్యాసం వ్రాయాలని నాకు అనిపించింది. యాత్రికుల చేతిపుస్తకాలలో దానికి పేరు లేదు. కాని పన్నెండు ఉదయాలు ఆ బాట మీద నడిచిన తరువాత, వైద్యం నీళ్ళలో ఎంత ఉన్నదో ఈ బాటలో అంత ఉన్నదని నాకు నమ్మకం కుదిరింది.

మేము దిగిన ధర్మశాల బజారు వీధిలో ఉన్నది. తెల్లవారుజామున మంచులో బయలుదేరితే ముందుగా టాంగాల గుర్రాలు, వాటి పక్కన నిప్పు కాచుకునే బండివాళ్ళు కనిపిస్తారు. ఆ తరువాత ఉసిరికాయలు, రుద్రాక్షలు, కొబ్బరినూనె సీసాలు అమ్మే దుకాణాలు. సరస్వతి అనే సన్నని వాగు మీది వంతెన దాటితే వైభారగిరి పాదం వద్ద మెట్లు మొదలవుతాయి. పైన లక్ష్మీనారాయణ ఆలయం, దాని పక్కన సప్తధార, బ్రహ్మకుండం. సప్తధారలో గోడకు అమర్చిన ఏడు ముఖాల నుండి నీరు పడుతుంటుంది. అది కొండ మీది సప్తపర్ణి గుహ నుండి వస్తుందని జనవాక్యం. బుద్ధుని నిర్యాణానంతరం మొదటి బౌద్ధ సంగీతి జరిగినది ఆ గుహ ముందేనని సంప్రదాయం. ఆ నీరు దిగువన బ్రహ్మకుండంలో చేరుతుంది. దాని వేడి సుమారు 45 డిగ్రీలు. అక్కడి నుండి వెనుకకు వచ్చి, వాగు దాటి, రోడ్డుకు తూర్పు వైపు వెళితే విపులగిరి పాదం వద్ద సూర్యకుండం మొదలైన మరికొన్ని గుండాలు. ఇంకా ముందుకు వెళితే చెట్ల నీడలో మఖ్దూం కుండం. మొత్తం మీద ఈ కొస నుండి ఆ కొసకు కిలోమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. పడుచువాళ్ళకు పావుగంట. మా నాన్నగారికి మొదటి రోజున అది మరో దేశం.

మొదటి ఉదయం టాంగా మీద వంతెన దాకా వెళ్ళాము. మెట్ల వద్ద ఆయన ఆగిపోయారు. ఎక్కడం మాట అటుంచి, ఆ మెట్లను చూసిన చూపులోనే ఓటమి ఉన్నది. ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి గోడ మీద వేసి, మెట్టు మెట్టుకూ రెండు పాదాలూ ఆన్చి, పావుగంటలో పైకి చేరారు. పై నుండి గుండంలోకి మళ్ళీ దిగాలి. తడిసిన రాతిమెట్లు. నాకు గుండె పీచుపీచుమంటున్నది. ముందే నీళ్ళలో ఉన్న ఒక బలమైన మనిషి, ఎవరో ఏ ఊరో, అడగకుండానే చేయి చాచి "ఆయియే బాబా" అన్నాడు. నీళ్ళలో కాలు పెట్టగానే నాన్నగారు చురుక్కుమని వెనుకకు తీసుకున్నారు. తరువాత మోకాలి దాకా, నడుము దాకా, చివరకు మెడ దాకా మునిగి కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలోని ముడతలు ఒక్కొక్కటే విచ్చుకోవడం నేను చూశాను. రెండు మూడు నిమిషాలకు మించి ఉంచవద్దని వైద్యుడు గట్టిగా చెప్పి పంపాడు. అంత వేడిలో ఎక్కువసేపు ఉంటే వృద్ధులకు రక్తపు పోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి; గుండెజబ్బు ఉన్నవారు దిగనే కూడదు. నేను గడియారం చూసి లేవమంటే, చిన్నపిల్లవానిలా "ఇంకొక్క నిమిషం" అన్నారు.

రెండవ రోజున రద్దీ ఎక్కువ. మెట్ల మీద అరగంట నిలబడ్డాము. లోపల ఉన్నవారికి బయట ఉన్నవారు కనిపించరు గదా! అప్పుడు నాన్నగారికి నేను బింబిసారుని కథ చెప్పాను. ఈ బుగ్గలనే ప్రాచీన పాళీ గ్రంథాలు 'తపోద' అన్నాయి. బింబిసార మహారాజు ఒకనాడు స్నానానికి వచ్చేసరికి భిక్షువులు నీళ్ళలో ఉన్నారట. సన్యాసులను లేవమనడం మర్యాద కాదని రాజు ఒక పక్కన వేచి ఉన్నాడు. వారు చీకటి పడేదాకా లేవలేదు. రాజు ఆలస్యంగా స్నానం ముగించుకుని వెళ్ళేసరికి నగరద్వారం మూసివేశారు. తన నగరం వెలుపల తానే రాత్రి గడిపి, తెల్లవారగానే మైపూతలు చెరగకుండానే బుద్ధుని దర్శనానికి వెళ్ళాడు. సంగతి తెలుసుకున్న బుద్ధుడు, భిక్షువులు పక్షానికి ఒకసారి కంటె ఎక్కువగా స్నానం చేయరాదని నియమం పెట్టాడు. తరువాత వేసవిలో ఉన్నవారికి, ప్రయాణంలో ఉన్నవారికి, రోగులకు మినహాయింపులు ఇచ్చాడు.

"రోగులకు మినహాయింపు ఉన్నదన్నమాట" అన్నారు నాన్నగారు. "అయితే ముందు మనల్ని వదలమను."

నీరు ఎందుకు వేడిగా ఉంటుందన్న ప్రశ్న ఇక్కడకు వచ్చినవారందరికీ కలుగుతుంది. బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు, ఈ ప్రవాహం లోహకుంభి నరకాల నడుమ నుండి వస్తున్నందున వేడెక్కినదని వ్రాశాడు. భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పేది అంత భయంకరంగా లేదు. ఇక్కడ నిప్పుకొండలు లేవు. వాననీరు కొండరాతి చీలికలగుండా చాలా లోతుకు ఇంకుతుంది. భూమిలో ఒక్కొక్క కిలోమీటరు దిగినకొద్దీ వేడి సుమారు 25 నుండి 30 డిగ్రీలు పెరుగుతుంది. అట్లా వేడెక్కిన నీరు మరొక చీలిక దొరికితే, చల్లారేలోగా పైకి తన్నుకు వస్తుంది. ఏ సంవత్సరపు వానో ఈనాటి స్నానం అవుతున్నదన్నమాట. మన భద్రాచలం సమీపంలోని గుండాల వద్ద గోదావరి ఇసుకలో చెలమ తీస్తే వేడినీరు ఊరడం ఇటువంటిదే. బెంగాలులో బక్రేశ్వర్ బుగ్గలు ఇంకా వేడివి. అక్కడ నీటితోపాటు బుడగలుగా పైకి వచ్చే వాయువులో హీలియం ఉన్నదని గుర్తించి, ఆచార్య సత్యేంద్రనాథ్ బోస్ ప్రోత్సాహంతో శ్యామదాస్ ఛటర్జీ పరిశోధనలు సాగించారు. భక్తులు అగ్నికుండం అని మొక్కే చోట శాస్త్రజ్ఞులు వాయువు పట్టుకునే గొట్టాలు అమర్చారు. ఒకరి పూజకు మరొకరి పరిశోధన అడ్డం రాలేదు.

మరి ఈ నీటితో కీళ్ళనొప్పులు తగ్గుతాయా? వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగుసుకున్న కండరాలు సడలుతాయి. మెడలోతు నీటిలో మనిషి బరువు పదవ వంతుకు పడిపోతుంది కాబట్టి, కీళ్ళు కొంతసేపు మోత దించిన కూలీల వలె ఊపిరి పీల్చుకుంటాయి. ఈ ఉపశమనం నిజమైనది. అయితే అరిగిన మృదులాస్థిని ఏ నీరూ మళ్ళీ మొలిపించదు. ఇంతవరకు నాకు వైద్యుడు చెప్పినదే. ఈ ఊరి పాత వైద్యుడొకడు ఇంతకంటె మంచి మాట చెప్పాడని తరువాత తెలిసింది.

ఆయన జీవకుడు. బింబిసారునికి, బుద్ధునికి వైద్యం చేసినవాడు. తక్షశిలలో చదువు ముగిసినప్పుడు గురువు అతనిని చుట్టుపక్కల యోజనం మేర తిరిగి మందుకు పనికిరాని మొక్కను తెమ్మన్నాడనీ, జీవకుడు వట్టి చేతులతో తిరిగివచ్చి అటువంటిది ఒక్కటీ కనిపించలేదన్నాడనీ కథ. గృధ్రకూటానికి వెళ్ళే దారిలో అతని మామిడితోట ఉండిన చోటు ఇప్పుడు పచ్చగడ్డి నడుమ అండాకారపు పునాదులుగా మిగిలి ఉన్నది. వినయపిటకంలో అతనిని గురించి చిన్న ప్రస్తావన ఒకటి ఉన్నది. ఒకసారి ఏదో పని మీద వైశాలికి వెళ్ళినప్పుడు, విందుభోజనాలకు అలవాటు పడి భిక్షువులు ఒళ్ళు బరువెక్కి రోగాల పాలవుతుండడం జీవకుడు గమనించాడు. బుద్ధుని వద్దకు వెళ్ళి వారి కోసం రెండే రెండు అడిగాడు. ఒకటి 'చంకమ', అంటే అటూ ఇటూ నడవడానికి చదునుచేసిన బాట. రెండవది 'జంతాఘర', అంటే ఒళ్ళు చెమట పట్టే వేడి స్నానపు గది. గుళికలు కాదు, కషాయాలు కాదు; ఒక బాట, ఒక వేడి స్నానం. బుద్ధుడు రెంటినీ అనుమతించాడు.

ఐరోపాలోని చెక్ దేశపు కార్లోవీ వారీ అనే కొండ ఊరి సంగతి చదివినప్పుడు నాకు జీవకుడు గుర్తుకు వచ్చాడు. అక్కడ వేడి ఖనిజ జలాలను స్నానానికే గాక తాగడానికి వాడతారు. రోగి ఒకచోట కూర్చుని తాగకూడదు. కొమ్ము ఉన్న పింగాణీ కప్పు చేత పట్టుకుని, స్తంభాల మంటపాల కింద ఒక బుగ్గ నుండి మరొక బుగ్గకు మెల్లగా నడుస్తూ గుటక గుటకగా తాగాలి. జర్మన్ మహాకవి గేటే అక్కడికి పదేపదే వెళ్ళి నడిచినవాడే. ఊరి చుట్టూ అడవులలోనూ నడకబాటలు వేశారు. అక్కడి వైద్యులు జీవకుని పేరు విన్నారో లేదో గాని, చీటీ మాత్రం అదే వ్రాశారు.

మన రాజగీర్‌లో ఆ చీటీని ఎవరూ వ్రాసి ఇవ్వరు. ఎక్కువమంది బస్సు దిగి, మునిగి, తుడుచుకుని, సాయంత్రానికి నలందా చూసుకుని వెళ్ళిపోతారు. అధికమాసం వచ్చినప్పుడు లక్షలాది జనం. ఆ నెల ముక్కోటి దేవతలూ ఇక్కడనే విడిది చేస్తారని విశ్వాసం. మేము వెళ్ళిన ఏడాదిలోనే, అధిక శ్రావణంలో ఆ మేళా జరిగి వెళ్ళింది. గుండాల మధ్య బాటను మరికొంచెం శ్రద్ధగా చూసుకోవచ్చు. అక్కడక్కడా సబ్బు కాగితాలు, తడిసిన పూలు, షాంపూ పొట్లాలు కాలికి అంటుకుంటాయి. ఔషధమని తలకు పోసుకునే నీటి పక్కనే వీటిని పారవేసే చేయి ఎట్లా వస్తుందో నాకు అంతుపట్టలేదు.

మూడవ నాటి నుండి టాంగా మానేశాము. నేను వైద్యుడు చెప్పిన పద్ధతి పట్టాను - స్నానం తరువాత కండరాలు సడలి ఉన్న సమయంలో నడక. మొదట వంతెన దాకా. మరునాడు సూర్యకుండం దాకా. దారిలో ఎక్కడ బల్ల ఉన్నదో, ఎక్కడ టీ దొరుకుతుందో, ఏ చెట్టు మొదలు కూర్చోవడానికి వీలుగా ఉన్నదో నాన్నగారికి కంఠస్థం అయింది. అయిదవ రోజు నొప్పి ఎక్కువై గదిలోనే ఉండిపోయారు. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడం చూసి, ఇంటికి వెళ్ళిపోదామా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

ఎనిమిదవ ఉదయం నాకు మెలకువ వచ్చేసరికి పక్క మంచం ఖాళీగా ఉన్నది. చేతికర్ర లేదు, శాలువా లేదు. స్నానపు గదిలో లేరు. వాకిలి కాపలావాడు "బాబా గంట కిందటే వెళ్ళాడు" అన్నాడు. వంతెన వద్దకు పరుగెత్తాను, లేరు. మెట్లు ఎక్కి బ్రహ్మకుండంలో తొంగిచూశాను; ఆ ఆవిరిలో ప్రతి తెల్లతలా ఆయనదే అనిపించింది. లేరు. తడిమెట్ల మీద జారి పడి ఉంటే ఎవరు ఎక్కడికి చేర్చి ఉంటారో అన్న ఆలోచన వచ్చాక, ఇక కాళ్ళు నా స్వాధీనంలో లేవు. సూర్యకుండం దాటి ఇంకా ముందుకు పోతే, మఖ్దూం కుండం వద్ద అరుగు మీద కూర్చుని కనిపించారు.

ఆ చోటు పద్నాలుగవ శతాబ్దపు సూఫీ మహనీయుడు షరఫుద్దీన్ యాహ్యా మనేరీ పేరుతో ప్రసిద్ధం. ఆయన ఈ కొండలలో చాలాకాలం తపస్సు చేసి, తరువాత బీహార్ షరీఫ్‌లో స్థిరపడ్డారు. సమాధి అక్కడనే ఉన్నది. నాన్నగారి పక్కన ఆయన వయసువాడే ఒక ముస్లిం వృద్ధుడు, ఆయనదీ మోకాళ్ళ జబ్బే కాబోలు, వేడినీటిలో ముంచిన గుడ్డను మోకాలి మీద వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఖరగ్‌పూరు హిందీలో, బీహారీ ఉర్దూలో మాట్లాడుకుంటున్నారు. నేను వెనుక నుండి రావడం నాన్నగారు చూడలేదు.

"మా ఇంటావిడ అధికమాసంలో ఇక్కడ స్నానం చేయాలనేది" అని చెబుతున్నారు. "రెండుసార్లు రైల్వే పాసు వ్రాయించాను. ఒకసారి పిల్లవాడికి పరీక్షలు. ఒకసారి ఎవరిదో పెళ్ళి. తరువాత ఇంకేముందిలే, ఈ ఊరు ఎక్కడికి పోతుందని అనుకున్నాము."

ఆ వృద్ధుడు ఏమీ అనలేదు. గుడ్డను పిండి, మళ్ళీ ముంచి, ఈసారి దానిని నాన్నగారి మోకాలి మీద వేశాడు.

నేను అక్కడనే కొంచెం దూరంలో నిలబడిపోయాను. గిరిగారి స్తూపం మాత్రమే కాదన్నమాట. రెండున్నర ఏళ్ళుగా ఒక్క ఇంటిలో ఉంటూ, ఆ మాట నాకు ఆయన చెప్పలేదు. చెప్పగలిగినది ఒక అపరిచితునికి, వేడినీటి పక్కన. కాసేపటికి నన్ను చూసి, "ఏరా, అట్లా రొప్పుతున్నావు? పరుగెత్తావా? ఈ వయసులో మోకాళ్ళు జాగ్రత్త" అన్నారు. అప్పుడు గాని నాకు తోచలేదు, ధర్మశాల నుండి ఆ చోటికి ఆయన ఎవరి భుజమూ లేకుండా వచ్చారని.

పదకొండవ రోజున స్తూపానికి వెళ్ళాము. రత్నగిరి మీదకు పూర్వం ఒక్కొక్కరే కూర్చునే కుర్చీలు తీగ మీద నడిచేవి. ఎక్కడం, దిగడం చురుకుగా చేయవలసిన ఆ కుర్చీలు నాన్నగారి వంటివారికి పనికిరావు. ఇటీవలి సంవత్సరాలలో తలుపులున్న గదుల వంటివి కూడా వచ్చినందున ఇబ్బంది లేకపోయింది. పైన తెల్లని స్తూపం, నాలుగు దిక్కులా బంగారు వన్నె బుద్ధ విగ్రహాలు. 1965లో దీనికి శంకుస్థాపన చేసినది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆరంభం ఒకరిది, ప్రారంభోత్సవం మరొకరిది. ఇద్దరూ తెలుగు ఇళ్ళలో పుట్టినవారే. నాన్నగారు స్తూపం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మా నాన్న ఉంటే 'ఆ సమ్మెలో పస్తులున్నది నేను, రాష్ట్రపతి అయినది ఆయన' అనేవాడు" అని నవ్వారు. దిగువన లోయ, కొండల వరుస మీద పాత రాతిగోడ, దూరంగా గుండాల వద్ద లేస్తున్న పొగో ఆవిరో సన్నగా కనిపించినవి. ఆయన చాలాసేపు ఆ వైపే చూశారు.

ఇంటికి వచ్చిన తరువాత మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఫిల్ములో వెంట్రుకవాసి మార్పు లేదు. అరిగినది అరిగినట్లే ఉన్నది. ఈ సంగతి దాచకుండా చెప్పడం న్యాయం. వైద్యుడు ఫిల్మును పక్కన పెట్టి, తొడ కండను వేళ్ళతో నొక్కి చూసి, "ఎన్నాళ్ళు నడిచారు?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా నాన్నగారు తామే, కుడి కాలికి ఆపరేషను ఎప్పుడు చేస్తారని అడిగారు. ఏడాదిన్నరగా మేము బ్రతిమాలినా వినని మాట అది. 2024 ఫాల్గుణంలో శస్త్రచికిత్స జరిగింది. మూడవ నాడు ఊతకర్రతో లేపి నిలబెట్టినప్పుడు మా ఆవిడ "నెమ్మది మావయ్యగారూ" అని చేయి పట్టబోతే, "బ్రహ్మకుండం మెట్ల కంటెనా అమ్మా!" అన్నారు.

వేడినీటి బుగ్గ ఖరిదాలో లేదు. బాట మాత్రం ఉన్నది. ఖరగ్‌పూరు స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం 1072 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలో అంత పొడవైనది మరొకటి లేదు. తరువాత గోరఖ్‌పూర్, హుబ్బళ్ళి దానిని మించిపోయినవి. బ్రహ్మకుండం నుండి మఖ్దూం కుండానికి ఉన్న దూరం ఇంచుమించు దీనితో సమానమని లెక్క వేసినది నాన్నగారే. ఇప్పుడు తెల్లవారుజామున, వేడినీళ్ళ స్నానం ముగించుకుని, పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని, ఆ కొస నుండి ఈ కొసకు నడుస్తారు. దారిలో ఉన్న బల్లలకు ఆయన పేర్లు పెట్టుకున్నారు. మొదటిది సప్తధార, నడుమ ఉన్నది సూర్యకుండం. టికెట్టు గడువు రెండు గంటలు. పోయి రావడానికి గంటంబావు పడుతున్నది. మిగిలిన ముప్పావు గంట చివరి బల్ల మీద, ఎవరు వచ్చి పక్కన కూర్చుంటే వారితో మాట్లాడుతూ గడుపుతారు. ఆ బల్ల పేరు మఖ్దూం కుండం.